పెంపుడు కుక్కలకు యాంటీబయాటిక్‌లు: ఏ మందు అని అడిగే ముందు తేల్చుకోవలసినవి

అందరికీ నమస్కారం. సెలవు రోజు సాయంత్రాన్ని మీ కుక్కల ఆరోగ్యం కోసం కేటాయించి ఇక్కడికి వచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు.

"మా కుక్కకు ఒళ్ళు వేడిగా ఉంది, నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు, ఏ యాంటీబయాటిక్ వేయమంటారు డాక్టర్ గారూ?" అనే ఫోను హైదరాబాదులో పనిచేసే పశువైద్యులకు రోజూ వచ్చేదే. అడిగేవారి ఆందోళన నిజమైనది, దాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఆ ప్రశ్న అడగడానికి ముందే తేలవలసిన సంగతి ఒకటుంది: ఆ జబ్బుకు కారణం అసలు బ్యాక్టీరియా అవునా, కాదా? యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, లేదా దాని పెరుగుదలను ఆపుతుంది. వైరస్‌ను అది ఏమీ చేయలేదు. ఫంగస్‌నూ, చర్మపు అలర్జీనీ కూడా ఏమీ చేయలేదు. జ్వరం, వాంతులు, విరేచనాలు, దురద, దగ్గు అనేవి ఎన్నో జబ్బులకు ఉమ్మడి లక్షణాలు కనుక, లక్షణం చూసి మందు ఎంచుకోవడమంటే కళ్ళు మూసుకుని వేయడమే అవుతుంది.

పార్వోనే తీసుకుందాం. టీకాలు పూర్తికాని పిల్లలకు వచ్చే ఈ జబ్బులో రక్తవిరేచనాలు చూసి యజమానులు మొదట అడిగేది యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గురించే. పార్వో వైరస్. దాన్ని చంపే యాంటీబయాటిక్ లేదు. అయినా ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఎందుకు ఇస్తారంటే, ఆ వైరస్ పేగు లోపలి పొరను దెబ్బతీసి, తెల్ల రక్తకణాలను కూడా తగ్గించేయడం వల్ల పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడే ప్రమాదం ఉంటుంది, ఆ ప్రమాదాన్ని అడ్డుకోవడానికి. కుక్కపిల్లను బతికించేది ప్రధానంగా సెలైన్, వాంతులు ఆపే మందు, వీలైనంత త్వరగా మొదలుపెట్టే ఆహారం. ఇంట్లో మాత్రలు వేస్తూ గడిపే రెండు రోజుల్లో పోయేది ఈ అవకాశమే. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా వేయించే టీకాల వరుసను మధ్యలో ఆపకపోతే ఈ పరిస్థితే చాలావరకు రాదు.

పెద్ద కుక్కలకు వచ్చే మామూలు విరేచనాల విషయం వేరు. పెళ్ళి భోజనం మిగులో, బిర్యానీ ఎముకలో తిని విరేచనాలు పట్టుకున్న కుక్క హుషారుగా ఉండి నీళ్ళు తాగుతూ ఉంటే, తేలికగా అరిగే ఆహారం ఇస్తూ, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే కొన్ని రోజుల్లో అదే సర్దుకుంటుంది. అలాంటప్పుడు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేయడం మనకు అలవాటైపోయింది, కానీ అది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా తుడిచిపెడుతుంది. మోతాదు మించితే నరాలపై ప్రభావం చూపి, కుక్క తూలుతూ నడవడం, కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం వంటి లక్షణాలు కూడా వస్తాయి. జ్వరం ఉన్నా, నీరసించి పడుకున్నా, విరేచనంలో రక్తం ఎక్కువగా కనిపించినా అది ఇంట్లో తేల్చుకోవలసిన విషయం కాదు. బోర్డింగ్‌లో ఉంచి తెచ్చిన తరువాత వచ్చే పొడి దగ్గు కూడా చాలా కుక్కల్లో మందు లేకుండానే తగ్గుతుంది. తిండి మానేసి, జ్వరంతో, ముక్కు నుంచి చిక్కని చీమిడి కారుతూ, వేగంగా ఊపిరి తీస్తున్న కుక్కకు మాత్రం ఊపిరితిత్తులు పరీక్షించి మందు మొదలుపెట్టాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో, యాంటీబయాటిక్ మీద నమ్మకం పెట్టుకుని కూర్చోవడం వల్ల ప్రాణం పోయే జబ్బు ఒకటుంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎద ముగిసిన కొన్ని వారాలకు నీళ్ళు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి, మూత్రద్వారం దగ్గర దుర్వాసనతో స్రావం కనిపిస్తే గర్భసంచిలో చీము పట్టిందేమోనని వెంటనే అనుమానించాలి. దీన్నే పయోమెట్రా అంటారు. కొన్నిసార్లు గర్భసంచి ద్వారం మూసుకుపోయి స్రావం బయటికి రానే రాదు, అది మరింత ప్రమాదకరం. సంచి నిండా చీము ఉన్నప్పుడు మాత్రలతో కాలయాపన చేయకూడదు. గర్భసంచిని తొలగించే శస్త్రచికిత్సే దీనికి నమ్మదగిన వైద్యం, యాంటీబయాటిక్ దానికి తోడుగా ఇచ్చేది మాత్రమే. పురుగులు పట్టిన గాయాలకూ, చీముగడ్డలకూ ఇదే వర్తిస్తుంది. పురుగులను ఏరి, చచ్చిన కండను తీసేసి, చీముకు దారి ఇచ్చి, శుభ్రంగా కడిగిన తరువాతే మందు పని చేయగలుగుతుంది.

ఇక చర్మం సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర కుక్కలకు యాంటీబయాటిక్‌లు అనవసరంగా ఖర్చయ్యేది ఎక్కువగా ఈ జబ్బుల్లోనే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాదు గాలిలో తేమ పెరుగుతుంది. వానలో తడిసిన లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, షిట్జూల దట్టమైన వెంట్రుకల అడుగున చర్మం గంటల తరబడి ఆరదు. పొట్ట మీదా, తొడల లోపలా చీము పొక్కులు, గుండ్రంగా పొట్టు లేచిన మచ్చలు కనిపిస్తాయి. దీన్ని పయోడెర్మా అంటాం. దీనికి కారణమయ్యే బ్యాక్టీరియా చాలాసార్లు స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్. అది ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా నివసించేదే. అంటే బయటి నుంచి కొత్తగా వచ్చిన శత్రువు కాదు, ఏదో ఒక కారణం చేత చర్మం రక్షణ సడలినప్పుడు విజృంభించేది. ఆ కారణం వెంట్రుకల్లో దూకుతూ రక్తం పీల్చే ఫ్లీ పురుగుల అలర్జీ కావచ్చు, దుమ్ము అలర్జీ కావచ్చు, థైరాయిడ్ లోపం కావచ్చు, చర్మంలో నివసించే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగు కావచ్చు. కారణాన్ని వదిలేసి యాంటీబయాటిక్ మాత్రమే వాడితే పొక్కులు మాయమవుతాయి, మందు ఆపిన కొద్ది వారాలకు మళ్ళీ వస్తాయి. మరోసారి ఇంకా బలమైన మందు. ఇలా తిరుగుతూ ఉన్న కుక్కలను మా వృత్తిలో తరచుగా చూస్తాం.

అందుకే చర్మం జబ్బుతో వచ్చిన కుక్కకు డాక్టరు గాజు పలక అద్ది సూక్ష్మదర్శిని కింద చూస్తానంటే, దాన్ని అదనపు ఖర్చుగా భావించవద్దని కోరుతున్నాను. కొన్ని నిమిషాల్లో అయిపోయే ఆ పరీక్షలో గుండ్రని బ్యాక్టీరియా ఉన్నాయా, మలసీజియా అనే ఈస్ట్ ఉందా, రెండూ ఉన్నాయా అన్నది తెలుస్తుంది. ఈస్ట్ మాత్రమే ఉంటే యాంటీబయాటిక్ ఎంత ఖరీదైనదైనా వృథా. చెవుల విషయంలోనూ ఇంతే. చెవిలో గోధుమరంగు గులిమి, పులిసిన వాసన ఉన్నప్పుడు ఈస్ట్ ఉండే అవకాశం ఎక్కువ. పైగా కర్ణభేరి చిరిగి ఉన్నదీ లేనిదీ చూడకుండా జెంటామైసిన్ ఉన్న చుక్కలు వేస్తే వినికిడి, శరీరపు సమతుల్యత దెబ్బతినవచ్చు. పాత సీసాలో మిగిలిన చుక్కలు ఈ కారణంగానే మళ్ళీ వాడకూడదు.

బ్యాక్టీరియానే అని తేలినా, చర్మం పైపొరకే పరిమితమైన జబ్బుకు నోటి మాత్రలు చాలాసార్లు అవసరం లేదు. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశిని ఉన్న షాంపూతో వారానికి రెండు మూడు సార్లు స్నానం చేయించడమే మొదటి చికిత్సగా ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నురగ పెట్టిన తరువాత 10 నిమిషాలు ఆగి అప్పుడు కడగాలి. ఆ 10 నిమిషాలూ నిలబెట్టడం కష్టమే, ఎదిగిన హస్కీని స్నానాలగదిలో పట్టుకోవడం ఎంత శ్రమో నాకు తెలుసు, కానీ మందు చర్మాన్ని తాకి ఉండే ఆ సమయమే పని చేస్తుంది. మాత్రలు తప్పనప్పుడు కూడా పూర్వంలా ఒకేసారి నెల రోజులకు రాసివ్వడం కన్నా, పైపొర జబ్బుకు ముందు 2 వారాలకు ఇచ్చి, మళ్ళీ చూసి నిర్ణయించడం మేలని ఇప్పుడు అనుకుంటున్నాం.

టిక్ ఫీవర్ సంగతి ఇందుకు భిన్నం. ఇక్కడ యాంటీబయాటిక్ నిజంగా ప్రాణదాత. గోధుమరంగు పిడుదులు, అంటే మనం గోమార్లు అనేవి, మన నగరపు వేడిలో ఏడాది పొడవునా బతుకుతాయి. తోటలో గడ్డి మీద మాత్రమే కాక అపార్ట్‌మెంట్ గోడల పగుళ్ళలో, తలుపు చట్రాల వెనుక, కుక్క పడుకునే పరుపు కింద కూడా కాపురం ఉంటాయి. వాటి కాటు ద్వారా ఎర్లీకియా కేనిస్ అనే బ్యాక్టీరియా కుక్క రక్తంలో చేరి తెల్ల రక్తకణాల లోపల దాక్కుంటుంది. జ్వరం, తిండి మానడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముక్కు నుంచి రక్తం, చిగుళ్ళపై ఎర్రని చుక్కలు దాని గుర్తులు. కణం లోపలికి చొచ్చుకుపోయి పనిచేసే డాక్సీసైక్లిన్ దీనికి ప్రధానమైన మందు. ఈ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ గురించి 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో దాన్ని కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తెలుగువారి ఇళ్ళలో ఒక కుక్క టిక్ ఫీవర్ నుంచి కోలుకున్న ప్రతిసారీ ఆయన తలపుకు రావడం నాకు సహజంగా అనిపిస్తుంది.

డాక్సీసైక్లిన్ సాధారణ మోతాదు కుక్క బరువులో కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు, వ్యవధి 28 రోజులు. ఈ రెండు అంకెల చుట్టూనే ఎక్కువ నష్టం జరుగుతోంది. 30 కిలోల లాబ్రడార్‌కు మనుషులకు ఇచ్చినట్టు రోజుకు ఒక 100 మిల్లీగ్రాముల మాత్ర వేస్తే దానికి అందేది అవసరమైనదానిలో మూడో వంతు. అదే మాత్ర 5 కిలోల పొమెరేనియన్‌కు రెట్టింపు అవుతుంది. కాబట్టి మందు రాసే రోజు కుక్క బరువు చూడవలసిందే. ఇంట్లోనైతే మీరు కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసివేస్తే సరిపోతుంది. ఇక వ్యవధి విషయం. మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే జ్వరం దిగి, కుక్క గిన్నె ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. జబ్బు పోయిందనుకుని వారానికే ఆపేసేవారు చాలామంది. కణాల లోపల మిగిలిన ఎర్లీకియా నెలల తరువాత, కొన్నిసార్లు ఎముక మజ్జను దెబ్బతీసే దశలో, మళ్ళీ బయటపడవచ్చు. అందుకే ఇక్కడ 28 రోజులు అంటే 28 రోజులే.

పెరుగన్నం గురించి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో చాలా కుక్కల ప్రధానాహారం అదే. పాలు, పెరుగు, పనీర్, చీజ్‌లలోని కాల్షియం డాక్సీసైక్లిన్‌నూ, ఎన్రోఫ్లోక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌నూ పట్టేసుకుని, పేగు నుంచి రక్తంలోకి సరిగా వెళ్ళనివ్వదు. మాత్రను పనీర్ ముక్కలో దాచి పెట్టడం సులువే గాని మందు వృథా అవుతుంది. డాక్సీసైక్లిన్‌ను ఖాళీ కడుపున వేస్తే వాంతి కావచ్చు, నీళ్ళు లేకుండా వేసిన మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడవచ్చు. అందుకని ఉడికించిన చికెన్ ముక్కలోనో, కూర కలిపిన అన్నం ముద్దలోనో పెట్టి, ఆ వెంటనే నీళ్ళు తాగించండి. పెరుగన్నం కనీసం రెండు గంటలు ఆగి పెట్టండి.

టిక్ ఫీవర్ పరీక్షల మీద ఒక మాట. క్లినిక్‌లో చేసే రాపిడ్ కిట్ చాలావరకు ప్రతిరక్షకాలను, అంటే జబ్బును ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న పదార్థాలను చూపుతుంది. పూర్తిగా నయమైన కుక్కలో కూడా అవి నెలల తరబడి ఉండిపోతాయి. కనుక గీత పడిందన్న ఒకే కారణంతో, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మరో నెల మందు వేయకూడదు. ప్లేట్‌లెట్లు, లక్షణాలు, అవసరమైతే బ్యాక్టీరియా జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష కలిపి చూసి నిర్ణయించాలి. అలాగే, అవే పిడుదులు మోసుకొచ్చే బెబీసియా బ్యాక్టీరియా కాదు, ఎర్ర రక్తకణాల్లో నివసించే ఏకకణ పరాన్నజీవి. చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తున్న కుక్కకు డాక్సీసైక్లిన్ ఒక్కటే వేస్తూ కూర్చుంటే నయం కాదు, దాని మందులు వేరు.

ఇప్పుడు మెడికల్ షాపు సంగతి. మనుషులకు వాడే అమాక్సిసిల్లిన్, క్లావులనిక్ ఆమ్లం కలిపిన మందును పశువైద్యులు కూడా రాస్తారు, అందులో తప్పు లేదు. కానీ పిల్లల సిరప్పుల్లో కొన్నింటిలో చక్కెరకు బదులుగా జైలిటాల్ కలుపుతారు. అది కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. యాంటీబయాటిక్‌తో పాటు జ్వరానికని షాపువారు ఇచ్చే ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం తెచ్చిపెట్టగలదు. విరేచనాలకు మనుషులు విరివిగా వాడే ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రను ఎదుగుతున్న కుక్కపిల్లలకు వేయడం నన్ను ఎక్కువగా బాధపెట్టే అలవాటు. ఓఫ్లోక్సాసిన్ వర్గపు మందులు, ఎన్రోఫ్లోక్సాసిన్‌తో సహా, కీళ్ళలోని మృదులాస్థిని పాడుచేయగలవు. అందుకే చిన్న, మధ్యస్థ జాతుల్లో 8 నెలల లోపు, పెద్ద జాతుల్లో 12 నెలల లోపు, గ్రేట్ డేన్ వంటి మహాకాయ జాతుల్లో 18 నెలల లోపు వాటిని సాధారణంగా వాడరు. మూర్ఛలు వచ్చే కుక్కకు కూడా అవి మంచివి కావు. సల్ఫా అనే మరో వర్గపు యాంటీబయాటిక్‌లు డాబర్‌మన్‌లకు తీవ్రంగా వికటించవచ్చు, ఇతర కుక్కల్లోనూ కన్నీరు ఎండిపోయేలా చేయవచ్చు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన, మందుల అమ్మకపు నియమాల్లోని షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ వంటి మూడో తరం సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినదాన్ని రిజిస్టరులో రాసి 3 సంవత్సరాలు భద్రపరచాలి. "కుక్కకే కదా" అన్న మాట ఆ నియమానికి మినహాయింపు కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకో వివరిస్తాను. "మా కుక్కకు ఆ మందు అలవాటైపోయింది, ఇక పనిచేయదు" అని కొందరంటారు. అలవాటు పడేది కుక్క శరీరం కాదు, దానిలోని బ్యాక్టీరియా. లక్షల బ్యాక్టీరియాలో మందును తట్టుకోగల కొన్ని ముందే ఉంటాయి. మందు మిగిలినవాటిని చంపినప్పుడు వీటికి పోటీ లేకుండా పోతుంది. తట్టుకునే గుణాన్ని మోసే జన్యువులను అవి పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు. చర్మం జబ్బుకు వేసిన మాత్ర పేగుల్లోని బ్యాక్టీరియాను కూడా ఇలాగే మారుస్తుంది. పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసంలోనే, చాలని మోతాదు వాడితే సూక్ష్మజీవులు మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించారు. ఇప్పుడు పెన్సిలిన్ కుటుంబపు మందైన మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ కుక్కల్లో కనిపిస్తోంది. దానిపై సెఫలెక్సిన్, అమాక్సిసిల్లిన్ క్లావులనేట్ వంటి మన రోజువారీ మందులేవీ పనిచేయవు. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ మాత్రం ఇంకా పనిచేస్తుంది, షాంపూ గురించి అంతగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

హైదరాబాదు వాసులకు ఇది మరింత దగ్గరి విషయం. 2007లో ప్రచురితమైన ఒక స్వీడన్ పరిశోధనలో, పటాన్‌చెరు ప్రాంతపు మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు తేలింది. మనం కుక్కకు వేసే ఎన్రోఫ్లోక్సాసిన్ దాని ఒంట్లో కొంతవరకు సిప్రోఫ్లోక్సాసిన్‌గానే మారుతుంది. అంటే మన వాగుల్లోనూ, మన కుక్కలోనూ, ఆసుపత్రిలో పడుకున్న మన పెద్దవారిలోనూ బ్యాక్టీరియా ఎదుర్కొనేది ఒకే కుటుంబపు మందును. ఒకే సోఫా మీద కూర్చునే మనిషికీ కుక్కకూ మధ్య బ్యాక్టీరియా అటూ ఇటూ మారుతుంది కూడా. మందులకు లొంగని బ్యాక్టీరియా ఉన్న కుక్క ఇంట్లో ఉన్నప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోవడం, కుక్కను మన గాయాలు నాకనివ్వకపోవడం, చంటిబిడ్డలనూ, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారినీ కొంత దూరంగా ఉంచడం అవసరం. మెరోపెనెం, వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటివి మనుషుల ఐసీయూల కోసం మిగుల్చుకోవలసిన మందులు. "అన్నింటికన్నా బలమైనది ఇవ్వండి, ఖర్చు ఎంతైనా పరవాలేదు" అని దయచేసి ఒత్తిడి చేయవద్దు.

జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తున్నప్పుడు, మొదటి మందుకు తగ్గనప్పుడు, చర్మం లోతుగా కుళ్ళినప్పుడు కల్చర్ పరీక్ష, అంటే నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష, చేయించాలి. దాని ఖర్చు, పనిచేయని రెండు కోర్సుల మందుల ఖర్చు కన్నా సాధారణంగా ఎక్కువ కాదు. వీలైతే నమూనాను యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి. మూత్రాన్ని నేల మీద నుంచి కాక, స్కానింగ్ చూస్తూ సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీస్తే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. మామూలు మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌కు ఇప్పుడు 3 నుంచి 5 రోజుల మందు చాలు. కుక్కకు మూత్ర బాధలేవీ లేకుండా రిపోర్టులో బ్యాక్టీరియా కనిపిస్తే చాలావరకు మందే వద్దు. టిక్ ఫీవర్‌కు 28 రోజులు, దీనికి 3 నుంచి 5 రోజులు. కనుక ఒక జబ్బుకు విన్న వ్యవధిని మరో జబ్బుకు వర్తింపజేసుకోకండి. మధ్యలో ఆపాలనిపించినా, పొడిగించాలనిపించినా ముందు డాక్టరును అడగండి.

మందు మొదలైన తరువాత ముఖం వాచినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా వెంటనే ఆపి క్లినిక్‌కు తీసుకురండి. ఒకటి రెండు వాంతులైతే ఫోను చేసి అడగండి, ఆహారంతో ఇచ్చే తీరు మార్చితే సరిపోవచ్చు. మూడో రోజుకు జ్వరం తగ్గకపోతే మీరే రెండో మందు కలపకండి. అప్పుడు సరిచూడవలసింది రోగనిర్ధారణను. మిగిలిన మాత్రలను పక్కింటి కుక్కకు ఇవ్వవద్దు, సింకులోనూ, టాయిలెట్‌లోనూ పారబోయవద్దు, క్లినిక్‌లో అప్పగించండి. డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల అట్టల ఫోటోలు, పిడుదుల మందు చివరిసారి ఎప్పుడు వేశారో రాసిన తేదీ వెంట ఉంటే సగం పని అక్కడే తేలుతుంది.

ఈ రోజు అలాంటి చీటీలు తెచ్చుకున్నవారు ముందు వరుసకు రండి, ఒక్కొక్కటిగా చూద్దాం.